గిద్యోను అనే కూలీ

భర్తను సమాధి చేసి వచ్చిన మర్నాడు పొద్దున, టీ అంగడి పెంచలమ్మ నిన్నటి పేపరు మడిచి పట్టుకొని వచ్చింది. "మీ ఆయన గురించి ఏసినారు మే, దాచిపెట్టుకో" అని పేపరు ఆనందకుమారి ఒడిలో పెట్టి, కాసేపు పక్కన కూర్చొని, పొయ్యి మీద పాలున్నాయని వెళ్ళిపోయింది.

ఆనందకుమారికి యాభై రెండేళ్ళు. అయిదో తరగతి చదివింది. ఆ కాస్త చదువూ పోకుండా నిలబెట్టింది బైబిలే. రోజూ ఒక అధ్యాయం, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె ఏడవలేదు. "ఒక్క చుక్క రాలా చూడు" అని వచ్చినవాళ్ళు గొణుక్కుంటుంటే వినపడింది. ఇంకెవరినో అంటున్నట్టు ఉంది. చెయ్యి తిమ్మిరెక్కితే అది మనది కానట్టు ఉంటుందే, ఆమెకు ఒళ్ళంతా అట్లా ఉంది.

పేపరు తీసి వేలు పెట్టింది. లోపలి పేజీలో, కింద మూలన, అగ్గిపెట్టె అంత.

"విద్యుదాఘాతంతో కూలీ మృతి. గుల్లపాళెంలో రొయ్యల గుంట వద్ద ఏరియేటర్ మరమ్మతు చేస్తుండగా దార్ల గిద్యోను (56) అనే కూలీ విద్యుదాఘాతానికి గురై అక్కడికక్కడే మృతి చెందాడు. సమాచారం తెలుసుకున్న ప్రముఖ ఆక్వా రైతు, సంఘ సేవకులు కిషోర్ బాబు మృతదేహాన్ని సందర్శించి నివాళులు అర్పించారు. బాధిత కుటుంబానికి అండగా ఉంటానని హామీ ఇచ్చారు."

చదవడానికి చాలాసేపు పట్టింది. రెండోసారి చదివింది. మూడోసారి చదివేటప్పుడు వేలు ఒకచోట ఆగింది.

"అబీ" అని పిలిచింది.

కూతురు అబిగయీలు నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. రెండు వారాలు సెలవు పెట్టి వచ్చింది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"ఇక్కడ ఏముందో చదువు."

"మృతి చెందాడు."

"చెందాడు. డు నా?"

"డు నే మా."

"కిషోర్ బాబుకేమో?"

అబిగయీలు చూసింది. "అర్పించారు. ఇచ్చారు."

ఆనందకుమారి పేపరు మడిచింది. పెళ్ళయి ముప్పై ఒక్క ఏళ్ళు. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె ఒక్కసారి కూడా భర్త పేరు నోటితో పలకలేదు. రేషన్ అంగట్లో అడిగితే కూతురి చేత చెప్పించేది. కూతురు పుట్టకముందు పక్కింటివాళ్ళ చేత చెప్పించేది. వచ్చినారు, పోయినారు, తిన్నారు, పనుకున్నారు. కోపం వచ్చినా "మీకు బుద్ధుందా" అనేదే తప్ప "నీకు" అన్నది లేదు. ఆయన వెనక కూడా అనలేదు. ఇప్పుడు పేరూ, డు, రెండూ అచ్చేసి జిల్లా అంతా పంచినారు.

మధ్యాహ్నం పాస్టరు ఆనందబాబు ప్రార్థన చెయ్యడానికి వచ్చాడు. ప్రార్థన అయినాక ఆమె ఆ పేపరు చూపించింది. ఆయన చదివి, మెల్లగా చెప్పాడు. "ఇది పట్టించుకోవాల్సిన సంగతి కాదమ్మా. మన బైబిల్లో చూడు, ప్రభువును ఒక్కరినే 'ఆయన' అంటారు. దావీదు అంతటి రాజును కూడా 'అతడు' అనే రాసినారు."

ఆనందకుమారి పేపరు వెనక్కి తీసుకుంది. "దావీదు భార్యలు దాన్ని చదివి ఉండరు అయ్యగారూ" అంది.

అది హాస్యం కోసం అన్నది కాదు. ఆనందబాబు గ్లాసు అందుకున్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు.

మర్నాడు తల్లీకూతుళ్ళు బస్సెక్కి ఇందుకూరుపేట పోయినారు. సెంటర్లో హజరత్తయ్యకు జెరాక్స్ అంగడి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ పేపరుకు విలేకరి కూడా అతనే. దరఖాస్తులు రాసిపెట్టేదీ, వార్తలు రాసి పంపేదీ ఒకటే బల్ల మీద. ఆనందకుమారిని చూసి గుర్తుపట్టి, ప్లాస్టిక్ కుర్చీలో పెట్టి ఉన్న కాగితాలు తీసి కూర్చోమన్నాడు.

"అన్నా, ఇది మీరు రాసిందేనా?"

"నేనేమ్మా. ఏమన్నా తప్పు పడిందా? ఇంటిపేరా, వయసా?"

"పేరు సరిగ్గానే ఉండాది. వయసు కూడా సరే. 'చెందాడు' అని ఉండాది."

హజరత్తయ్య మిగతాది వినడానికి ఆగాడు. మిగతాది ఏమీ లేదు.

"చెందారు అని రాయాల కదన్నా" అంది ఆమె.

అతను నవ్వుతాడేమోనని అబిగయీలు భయపడింది. కానీ హజరత్తయ్య నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరూ ఇది అడగలా ఇంతవరకు. ఫోటో రాలేదంటారు, పేరు చిన్నగా పడిందంటారు. చెప్తా విను. కూలీలు, రైతులు, డ్రైవర్లు, యాక్సిడెంట్లో పోయినోళ్ళు, వీళ్ళకి 'డు'. ఆడమనిషయితే 'మృతి చెందింది'. పదవి ఉన్నా, గవర్నమెంటు ఉద్యోగం ఉన్నా 'రు'. రిటైరైన బడి అయ్యవారికి కూడా 'రు' వేస్తాం. ఇంకా పెద్దోళ్ళయితే మృతి అనే మాటే ఉండదు, కన్నుమూశారు అంటాం. అంతకన్నా పెద్దోళ్ళు పోతే అస్తమయం."

"సూర్యుడికి మాదిరి."

"ఆ. సూర్యుడికి మాదిరే."

"మా ఆయనకు 'అనే' అని కూడా వేసినారు."

"గిద్యోను అనే కూలీ" అని అబిగయీలు చదివింది.

"అది ఎవరికీ తెలియని మనిషయితే వేస్తాం."

"ఎవరికి తెలియదు? మా పాళెంలో అందరికీ తెలుసు. చుట్టుపక్కల గుంటల మీద మోటారు కాలితే ఆయన్నే పిలిచేది."

"పేపరు చదివేవాళ్ళకు తెలియదని లెక్క."

ఆమె తలూపింది. అడగాల్సినవి వరసగా పెట్టుకొని వచ్చినట్టుంది. "ప్రముఖ అని ఎవరికి వేస్తారన్నా?"

"అడిగినోళ్ళకి" అన్నాడు హజరత్తయ్య. తర్వాత తనే సరిచేసుకున్నాడు. "అడగ్గలిగినోళ్ళకి. ఒకాయన మూలికల మందులిచ్చేవాడు. 'ప్రముఖ వైద్యులు' అని నా చేత్తోనే మూడుసార్లు రాసినా. తర్వాత చూస్తే చదువూ లేదు, గిదువూ లేదు. కేసు పడింది. అప్పుడు 'ఘరానా వైద్యుడు పరారీ' అని రాసినా. ఘరానా అంటే ఏందో తెలుసా? పెద్దింటివాడని. పేరుమోసిన డాక్టరు అంటాం, పేరుమోసిన రౌడీ అంటాం. మాట ఒకటే. వెనకాల వచ్చేదాన్ని బట్టి."

జెరాక్సుకు ఎవరో వచ్చినారు. లేచి వాళ్ళను పంపించి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆమె ఇంకా కదల్లేదని చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఒక పని చెయ్యొచ్చు. మీ చర్చిలో గిద్యోను ఏమన్నా పెద్దగా ఉండినాడా? సంఘ పెద్ద అంటారు కదా మీరు? అదుంటే చెప్పు. 'సంఘ పెద్ద గిద్యోను జ్ఞాపకార్థ కూడిక' అని చిన్నది రాస్తా. అప్పుడు 'రు' పెట్టినా డెస్కులో దిద్దేవాళ్ళు తియ్యరు."

అబిగయీలు తల్లి మొహంలోకి ఆశగా చూసింది. అవునంటే సరిపోతుంది. ఎవరొచ్చి చూస్తారు?

"లేదన్నా" అంది ఆనందకుమారి. "పెద్దగా ఉండమని అడిగినారు, ఒప్పుకోలా. ఆదివారం చాపలు పరిచేవారు. మైకు సరిచేసేవారు. అంతే."

"మైకు సరిచేసినోళ్ళకి 'రు' రాదమ్మా."

"సరే అన్నా." లేచి పమిట సర్దుకుంది. "మీరు కూర్చోబెట్టి చెప్పినారు. అది చాలు."

బస్సులో అబిగయీలు అడిగింది. "అవునని చెప్పుంటే పొయ్యేది కదా?"

"మీ నాయన కాదన్న దాన్ని నేనెట్టా అవునంటా?"

నాలుగు రోజులకు కిషోర్ బాబు ఇంటికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. తాత నాటి వరి పొలాలు రొయ్యల గుంటలు చేసి, మండలంలో పేరు తెచ్చుకున్నాడు. రోడ్డు మలుపులో కట్టే ఫ్లెక్సీల మీద ఒక ఏడు యువనేత అని, ఒక ఏడు దానకర్ణుడు అని ఉంటుంది. చర్చి ప్రహరీ గోడ కట్టించింది కూడా ఆయనే. గేటు పక్కన రాతి మీద 'మాన్యశ్రీ' అని చెక్కించి ఉంది. గిద్యోను ఆయన గుంటల మీద, నీళ్ళకు గాలి కొట్టే ఏరియేటర్లు చూసుకుంటూ, పదకొండేళ్ళు పనిచేశాడు. పోయిందీ ఆ గుంటలోనే. పదహారేళ్ళు చిన్నవాడైనా కిషోర్ బాబు అతన్ని "రేయ్ గిద్యోనూ" అనే పిలిచేవాడు. గిద్యోను "వస్తుండా సార్" అని పరుగెత్తేవాడు. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. ఆనందకుమారి కూడా అనుకోలేదు.

ఆ రోజు మాత్రం వేరుగా ఉంది. చెప్పులు బయట విడిచి, ఒంగి లోపలికి వచ్చి, చాప మీద కూర్చున్నాడు. వెంట వచ్చిన ముగ్గురు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"గిద్యోను గారు మా ఇంటి మనిషమ్మా" అన్నాడు. "నాకు పెద్దన్న లాంటివారు. మా నాయన పోయినప్పుడు కూడా నేను ఇంత బాధపడలేదు. ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక మన చర్చిలోనే ఘనంగా చేద్దాం. భోజనాలు నేను పెట్టిస్తా. ఫ్లెక్సీ కూడా చేయించినా, చూడండి."

ఒకతను ఫోన్లో ఫ్లెక్సీ బొమ్మ చూపించాడు. మధ్యలో గిద్యోను, ఆధార్ కార్డులోని ఫోటో. కింద 'ప్రభువునందు నిద్రించిన శ్రీ దార్ల గిద్యోను గారికి కన్నీటి నివాళి'. పైన కిషోర్ బాబు చేతులు జోడించి ఉన్నాడు. ఆయన బొమ్మే కొంచెం పెద్దది.

గారు. శ్రీ. ఆనందకుమారి రెండూ వేలు పెట్టకుండానే చదువుకుంది. కోరినవి వచ్చినాయి కదా అనుకుంది. సంతోషమేమన్నా కలుగుతుందేమోనని చూసుకుంది. కలగలేదు.

"ఇంకొక చిన్న పనమ్మా" అన్నాడు కిషోర్ బాబు. వెనక ఉన్నతను సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "ఇన్సూరెన్సు వాళ్ళకి, కరెంటోళ్ళకి ఇవ్వాల. మీకు సాయం తొందరగా రావాలంటే ఇది ఉండాల. ఇక్కడ సంతకం పెడితే మిగతాది మేం చూసుకుంటాం."

"చదివి పెడతా" అంది ఆమె.

"ఏముందమ్మా అందులో, మామూలే."

"నేను మెల్లగా చదువుతా బాబూ."

వాళ్ళు కూర్చున్నారు. ఆమె వేలు పెట్టింది. అబిగయీలు పక్కనుంచి చదవబోతే చేత్తో ఆపింది. గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బయట కారు ఇంజను ఆడుతూనే ఉంది.

"నా భర్త అయిన శ్రీ గిద్యోను గారు, యజమాని పలుమార్లు హెచ్చరించినప్పటికీ, మెయిన్ స్విచ్ ఆపకుండా, తన అజాగ్రత్త వలన, ఏరియేటర్ తీగను ముట్టుకున్నారు. ఈ విషయంలో ఎవరి తప్పూ లేదు."

ముట్టుకున్నారు. రు. ఆమె వేలు ఆ అక్షరం మీద చాలాసేపు ఉంది. ఎవరూ అడక్కుండా, పదవి లేకుండా, పెద్దరికం లేకుండా, ఇక్కడ పెట్టినారు. తప్పు ఆయనదని రాసేచోట పెట్టినారు.

"స్విచ్ ఆపలేదని మీకెట్టా తెలుసు బాబూ?"

"ఆపుంటే ఇట్టా ఎందుకవుతుందమ్మా?"

"ఆయన ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ తీసేవారు."

"టైము అట్టాంటిదమ్మా. ఎవరం ఏం చేస్తాం."

ఆమె కాగితం మడిచి బైబిలు కింద పెట్టింది. "ఉంచండి. చెప్తా."

కిషోర్ బాబు లేచాడు. పోయేటప్పుడు కూడా చేతులు జోడించాడు. కారు తిరిగి పోయేదాకా అబిగయీలు గుమ్మంలోనే నిలబడింది. "పెడతావా మా?" అని అడిగింది. "మునెయ్యన్నను అడగాల" అంది ఆనందకుమారి.

మునెయ్య, గిద్యోను ఒకే గుంటల మీద పని చేసేవాళ్ళు. ఆ పొద్దున ఇద్దరూ అక్కడే ఉన్నారు. సమాధికి వచ్చాడు గానీ ఆ తర్వాత కనపడలేదు. ఆమె వెతుక్కుంటూ పోతే, మునెయ్య ఇంటి వెనక వల చిక్కు తీసుకుంటూ కూర్చొని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"మునెయ్యన్నా, ఆ రోజు స్విచ్ ఆపినారా, లేదా?"

మునెయ్య వల ముడి ఒకటి పట్టుకొని లాగాడు.

"సంతకం పెట్టమంటున్నారు. ఆపలేదని. ఆపలేదంటే పెట్టేస్తా. ఆపుంటే చెప్పు."

"ఆపినాడు" అన్నాడు మునెయ్య. "నా ముందరే ఆపినాడు. ఆపి, నాకు చెప్పి, గుంటలోకి దిగినాడు. తీగ బాగలేదని, అతుకులు పడి ఉండాదని, మూడు తూర్లు అడిగినాడు కొత్తది కావాలని."

"ఎవరేసినారు మళ్ళా?"

మునెయ్య వల వదిలేశాడు. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. ఆనందకుమారి అతను ఏడవడం చూస్తూ కూర్చుంది. తను ఏడవాల్సింది అతను ఏడుస్తున్నట్టు ఉంది.

"బాబు గారు వచ్చినారు. రొయ్యలు తేలతన్నాయి, ఏరియేటర్లు ఎందుకు ఆపినార్రా అని అరిచినారు. నేను గట్టు మీద నుంచి 'దిగి ఉండాడు సార్' అని కేకేసినా. వినపడిందో లేదో. ఆయనే షెడ్డులోకి పోయినారు. ఆయనే ఏసినారు."

ఏసినారు. అంత భయంలో, అంత ఏడుపులో కూడా అతని నోటికి 'ఏసినాడు' అని రాలేదు. చచ్చిపోయిన స్నేహితుడు ఆపినాడు, దిగినాడు. ప్రాణం తీసినాయన వచ్చినారు, ఏసినారు. ఆనందకుమారి అది గమనించింది. కోపం రాలేదు.

"పోలీసోళ్ళతో చెప్తావా అన్నా?"

"ఆయన ముందర నాకు నోరు రాదమ్మా. నాకు ముగ్గురు పిలకాయలు."

"సరే" అంది. లేచి వచ్చేసింది.

ఇంటికి వచ్చి అబిగయీలు చేత కాగితం రాయించింది. అబిగయీలు నోటుపుస్తకంలోంచి రెండు ఠావులు చింపి, మంచం మీద పెట్టుకొని రాసింది. మొదటిసారి 'కిషోర్ బాబు గారు స్విచ్ వేసినారు' అని రాసింది. రాసి తల్లికి చదివి వినిపించింది.

"గారు ఎందుకు?" అంది ఆనందకుమారి.

"అలవాటులో వచ్చింది."

"తీసెయ్. వేసినాడు అని రాయి."

అబిగయీలు ఇంకో కాగితం తీసుకుంది.

స్టేషన్లో ఎస్సై లేడు. హెడ్ కానిస్టేబుల్ పెంచలప్రసాద్ కాగితం తీసుకొని, ముందు వివరాలు రాసుకోవడం మొదలుపెట్టాడు.

"చనిపోయిన వ్యక్తి పేరు?"

అబిగయీలు నోరు తెరిచింది.

"నువ్వు కాదు, ఆమె చెప్పాల. ఫిర్యాదు ఇచ్చేది ఆమె కదా."

ఆనందకుమారి గోడ మీద క్యాలెండరు వైపు చూసింది. "గిద్యోను" అంది. "దార్ల గిద్యోను."

ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. నాలుక కాలుతుందని అనుకుంది. కాలలేదు. దారిన పోయే ఎవరిదో పేరు లాగా ఉంది. అబిగయీలు తల్లి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

పెంచలప్రసాద్ ఫిర్యాదు చదవసాగాడు. సగంలో ఆగి తలెత్తాడు.

"ఏందమ్మా ఇది? వచ్చినాడు, అరిచినాడు, వేసినాడు. ఆయనెవరో తెలిసే రాసినారా?"

"తెలుసు సార్."

"మండలంలో పెద్దమనిషి. రేపు ఈ కాగితం పైఆఫీసర్లు చూస్తారు, లాయర్లు చూస్తారు. కక్షతో పెట్టినట్టు కనపడుతుంది. నేను మీ మంచికే చెప్తుండా. మర్యాదగా రాసుకొని రండి."

అబిగయీలుకు మొహం ఎర్రబడింది. "మా నాయన చచ్చిపోయినాడని పేపర్లో వేసినప్పుడు మర్యాద ఎవరూ అడగలా సార్" అంది.

పెంచలప్రసాద్ కాగితం బల్ల మీద పెట్టేశాడు. చేతులు కట్టుకున్నాడు. ఇక ఆ కాగితం అట్లాగే ఉండిపోయేలా ఉంది.

ఆనందకుమారి ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. రేషన్ అంగట్లో బియ్యం అడిగినట్టు అడిగింది.

"సార్, గారు పెట్టుకోండి. శ్రీ పెట్టుకోండి. ప్రముఖ అని కూడా రాసుకోండి, నాకేం ఇబ్బంది లేదు. డు పెడతారో రు పెడతారో మీ ఇష్టం. స్విచ్ ఆపింది మా ఆయన. మళ్ళా వేసింది కిషోర్ బాబు. ఆ రెండూ మాత్రం మార్చొద్దు. ఎట్టా రాసినా కింద నేను సంతకం పెడతా."

పెంచలప్రసాద్ కట్టుకున్న చేతులు విప్పాడు. కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకొని, పూర్తిగా చదివాడు. మునెయ్య పేరు దగ్గర వేలు పెట్టి "ఇతను చెప్తాడా?" అన్నాడు.

"చెప్పనన్నాడు. చూసింది మాత్రం అతనే."

"అదీ రాసినారా?"

"చెప్పేదీ చెప్పందీ అతని ఇష్టం సార్. ఉన్నది రాసినాం."

ఆయన పుస్తకం ముందుకు లాగాడు. రసీదు రాసి, ముద్ర వేసి, అబిగయీలు చేతికిచ్చాడు. కాగితంలో ఏ అక్షరం దిద్దలేదు. తర్వాత తెలిసింది, ఎస్సైకి కూడా అట్లాగే పంపించాడు.

ఆ తర్వాత పాళెంలో కొన్ని మారినాయి. కిషోర్ బాబు మళ్ళీ ఇంటికి రాలేదు. ఫ్లెక్సీ కట్టలేదు. చర్చిలో కొందరు ఆనందకుమారి పక్కన కూర్చోవడం మానేశారు. ప్రహరీ గోడ కట్టించినాయన మీద కేసు పెట్టిందని వాళ్ళ బాధ. ఆదరణ కూడిక ఇంటి ముందరే చేసుకున్నారు. ఆనందబాబు వచ్చి వాక్యం చెప్పాడు. ముప్పై మంది వస్తామన్నారు, వచ్చింది పద్దెనిమిది మంది. మిగిలిన అన్నం పెంచలమ్మ గిన్నెలకెత్తి ఇళ్ళకు పంచింది.

కేసు కట్టిన మూడో రోజు హజరత్తయ్య స్కూటరు మీద గుల్లపాళెం వచ్చాడు. చేతిలో పేపరు ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వార్త పడిందమ్మా. నువ్వు ఎవరి దగ్గరో చూసేకంటే నేనే తెద్దామని."

అబిగయీలు తీసుకొని గట్టిగా చదివింది. "రొయ్యల గుంట వద్ద కూలీ మృతి చెందిన ఘటనలో ఓ రైతుపై పోలీసులు కేసు నమోదు చేశారు." అంతే, ఒక్క వాక్యం.

"ఓ రైతా?" అంది.

"నేను పేరు పెట్టి పంపినా" అన్నాడు హజరత్తయ్య. "ప్రముఖ కూడా పెట్టినా, ఎప్పుడూ పెడతాం కదా అని. రెండూ తీసేసినారు." నేల చూపులు చూశాడు. "మంచి జరిగితేనే ప్రముఖ. కేసయితే ఓ రైతు. నాకు ముందే తెలుసులే. అయినా పంపినా."

"టీ తాగి పోండి అన్నా" అంది ఆనందకుమారి లోపలి నుంచి.

"ఇంకోసారి తాగుతాలేమ్మా" అని స్కూటరు తిప్పుకున్నాడు.

మునెయ్య ఆ నెల్లోనే గుంటల పని వదిలేసి, భార్యాపిల్లలతో మనుబోలు వైపు వరి కోతలకు పోయాడు. అక్కడ రైతు చేల గట్టున కొట్టం ఇచ్చాడు. రెండు నెలలు అక్కడే ఉన్నాడు. ఒక రోజు పెంచలప్రసాద్‌కు ఫోను చేసి, చెప్తా సార్ అన్నాడట. ఎందుకు మనసు మారిందో ఎవరికీ చెప్పలేదు. ఆనందకుమారి అడగలేదు. వచ్చి, ఎస్సై ముందర చూసిందంతా చెప్పి, బస్సెక్కి వెళ్ళిపోయాడు.

పద్నాలుగు నెలలకు నెల్లూరు కోర్టులో వాయిదా వచ్చింది. అబిగయీలు ఆస్పత్రిలో సెలవడిగి వచ్చింది. వరండా నిండా జనం. బెంచీలు చాలక గోడలకు ఆనుకొని నిలబడి ఉన్నారు. కిషోర్ బాబు తెల్లచొక్కా వేసుకొని, ఎనిమిది మంది మనుషుల మధ్య, ఫ్యాను గాలి వచ్చే చోట కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఒకతను ఆయనకు కొబ్బరిబోండాం తెచ్చి ఇచ్చాడు. ఆనందకుమారి వైపు ఆయన చూడలేదు. ఆమె చూసింది. కొంచెం ఒళ్ళు చేసినట్టుంది అనుకుంది.

పదకొండున్నరకు కోర్టు బంట్రోతు తలుపు దగ్గరికి వచ్చి, చేతిలో చీటీ చూసి, బజారంతా వినపడేలా కేకేశాడు.

"కిషోర్ బాబూ! కిషోర్ బాబూ! కిషోర్ బాబూ!"

ముందు ఎవరూ కదల్లేదు. ఆ ఎనిమిది మందిలో ఒకతను బంట్రోతు వైపు కోపంగా చూశాడు. బంట్రోతు అతన్ని పట్టించుకోకుండా "ఉండాడా, లేడా?" అని అడిగాడు. అతనికి ఆ రోజు ఇంకా నలభై పేర్లు పిలవాల్సి ఉంది.

కిషోర్ బాబు బోండాం పక్కన పెట్టి, లేచి, చొక్కా సర్దుకొని లోపలికి పోయాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు.

తర్వాత బంట్రోతు "ఆనందకుమారీ! ఆనందకుమారీ!" అని పిలిచాడు. ఆమె మూడోది పిలవకముందే లోపలికి పోయింది. అయిదు నిమిషాల్లో వెనక్కి వచ్చింది. కిషోర్ బాబు లాయరు గడువు అడిగాడు. ఇచ్చారు. మళ్ళీ నెల పదిహేడో తేదీ. ఆ రోజు మునెయ్య కూడా రావాలి.

కోర్టు బయటికి వచ్చి, చెట్టు కింద చెరుకు రసం బండి దగ్గర నిలబడ్డారు. అబిగయీలు రెండు గ్లాసులు చెప్పింది. బండి చక్రం తిరుగుతుంటే చెరుకు గడ నలిగి పిప్పి ఇటువైపు వస్తోంది.

"ఆయన్ని అట్టా పిలుస్తుంటే నీకేమనిపించింది మా?"

ఆనందకుమారి గ్లాసు తీసుకుంది. నిజంగానే ఆలోచించింది. కూతురికి ఏదన్నా చెప్పాలని ఉంది.

"ఏమీ అనిపించలా" అంది. "కాళ్ళు లాగతన్నాయి. మనూరి బస్సు ఎన్నింటికి?"

"ఒంటిగంటకు."

"అయితే తాగు, పోదాం."